ఆకుల లుంగీతోని ఉరికినోడు

జర మంటకు దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. అట్లని మరీ ముందుకు రాకుండ్రి, మొఖం మాడ్తది. పల్లికాయ కాలిందో లేదో చూసుకుంట ఇనుండ్రి.

పొద్దటి సంది మన చిన్నోడు ఫోన్ల ఏదో పాత ఆట ఏసుకొని ఆడుతున్నడు. ఇందాక తొంగి చూసిన. తెల్ల టోపీ, నడుముకు ఆకుల లుంగీ, చేతుల రాతి గొడ్డలి. వాడే! "అడ్వెంచర్ ఐలాండ్ గదరా ఇది" అన్న. పోరడు నోరు తెరిచిండు. "తాతా, నీకెట్ల ఎరుక?" అంటడు. ఎట్ల ఎరుకనా? ఆ ఆకుల లుంగీవాడు మన ఇంటికి కొన్నేండ్లు బువ్వ పెట్టిండురా. మీ నాయిన బడి ఫీజుల వాని చెమట సుత ఉన్నది.

ఇది తొంభైల నాటి ముచ్చట. సిరిసిల్లల మన దుకాణం అప్పటిదాక కిరాయి సైకిళ్లది. గంటకింత అని సైకిళ్లిచ్చుడు, పంక్చర్లేసుడు, గాలి కొట్టుడు. మెల్లమెల్లగ ఇంటింటికి సైకిల్ అయ్యింది, మోపెడ్లొచ్చినయి. కిరాయికడిగెటోడు కరువైండు. ఒకసారి హైదరాబాద్ పోయినప్పుడు కోఠీల ఒక దుకాణం ముందట పోరగాళ్లు గుమిగూడి ఉన్నరు. లోపల టీవీల ఎవడో బొమ్మను ఎగిరిస్తున్నడు. ఆడెటోడు ఒక్కడు, చూసెటోళ్లు పదిమంది. చూసెటోళ్లంత రేపు ఆడెటోళ్లే గదా! పెట్టె కొన్న, రెండు క్యాసెట్లు కొన్న, బస్సుల ఒళ్లె పెట్టుకొని తెచ్చిన. మీ అవ్వ వారం రోజులు మాట్లాడలే.

ఆ పెట్టె అసలుది జపాన్ దేశపుది. నింటెండో కంపెనీ 1983 జులైల తెచ్చింది, ఫ్యామికామ్ అని పేరు. మన దిక్కు ఎక్కువగ దొరికినవి దాన్ని చూసి చేసిన నకళ్లు. లిటిల్ మాస్టర్ అని, టెర్మినేటర్ అని ఏవేవో పేర్లు. యాంటెన్నా వైరు తీసి దీని వైరు పెట్టాలె, బొమ్మ కుదిరేదాక టీవీ ట్యూనింగ్ తిప్పాలె. క్యాసెట్ పట్టకపోతే తీసి ఉఫ్ అని ఊదాలె. ఊదితే నిజంగ పనిచేస్తదా అంటే, తీసి మళ్ల సక్కగ పెట్టుడే పనిచేసేదేమో. కాని ఊదకుండ పెట్టిన పోరన్ని నేనైతే చూడలే.

క్యాసెట్ మీద 99,99,999 ఆటలని రాసుండేది. లోపల అసలైనవి ఏ నాలుగో, పదో, ఇరవయ్యో. అవే తిప్పి తిప్పి వేరే పేర్లతోని, మూడో మెట్టు నుంచి ఒకసారి, ఐదో మెట్టు నుంచి ఒకసారి వచ్చేవి. పోరగాళ్లు రెండు రోజులల్ల ఆ మోసం కనిపెట్టిండ్రు. అయినా లిస్టు కింది దాక పోయి చూసుడు మానలే. ఎన్నడన్న ఒక కొత్తది తగుల్తదేమోనని ఆశ.

వచ్చిన ప్రతివాడు అడిగేది రెండే: మారియో, కాంట్రా. కాంట్రా అయితే ఇద్దరు కలిసి తుపాకులు పట్టుకొని పోవచ్చు. మారియో అయితే చెప్పనే అక్కర లేదు. ఇప్పుడు పాత ఆటల ముచ్చటొస్తే అందరు ఆ రెండింటి గురించే చెప్తరు. నడీడుకొచ్చిన మీ నాయిన దోస్తులు సుత అంతే. కాని నా లెక్క నాకెరుక. మూడో ఆట ఒకటుండె. దాన్ని ఎవడు పేరుపెట్టి అడగకపోయేది. "మామా, ఆ గొడ్డలోన్ని పెట్టు" అనెటోళ్లు. పేరు లేకుంటనే దినాం ఆడినరు దాన్ని.

ఎందుకాడినరో చెప్త. అసలు ముచ్చట ఇదే.

మారియో ఆటల పైన టైం ఉంటది చూసిండ్రా? 400 నుంచి కిందికి దిగుతది. కాని సాధారణంగ అది అయిపోదు. ఆగి గొట్టం మీద కూసొని, ముందటి పుట్టగొడుగును చూసుకొని, ఆలోచించి దుంకొచ్చు. ఆ ఆట మనిషికి నిలబడే తీరిక ఇస్తది. ఈ ఆకుల లుంగీవానికి అసొంటి సుఖం లేదు. పైన ఒక గీతల పట్టీ ఉంటది, అది వాని కడుపు. మొదటి అడుగు పడ్డప్పటి నుంచి అది ఒక్కొక్క గీత తగ్గుకుంట పోతది. ఉరికినా తగ్గుతది, నిలబడ్డా తగ్గుతది. నిండాలంటే దారిల తేలుకుంట కనిపించే పండ్లు తినాలె. ఆపిల్, అరటి, అనాస, గాజరగడ్డ. ఆ పండ్లు సుత నీకోసం కూసొని ఉండవు. కనిపించినంక జర ఆలస్యం చేస్తివా, మాయం. పట్టీ ఖాళీ అయితే శత్రువు ముట్టుకోకున్నా వాడు సచ్చినట్టే, ఆకలితోని.

రాళ్లుంటయి దారి పొంటి. తట్టుకుంటే చావడు, బొక్కబోర్లా తూలి పడబోతడు, కడుపుల గీతలు కొన్ని ఎగిరిపోతయి. మంటను గాని పామును గాని తాకితే మాత్రం అంతే. నత్తలు మెల్లగ వస్తయి, కప్పలు దుంకుతయి, గబ్బిలాలు పైనుంచి దిగుతయి. వాటికి భయపడి ఆగినవా, కడుపు కాలుతది. భయపడకుండ ఉరికినవా, రాయి తట్టుకుంటది. ఆగుడు తప్పే, ఆగకపోవుడు తప్పే. ఈ నడుమనే ఆట మొత్తం ఉన్నది.

మా దుకాణంల ఈ ఆటకు రెండు గడియారాలుండె. టీవీల పట్టీ ఒకటి, గోడకు వేలాడేది ఒకటి. అరగంటకు రెండు రూపాయలు తీసుకునేటోన్ని. బట్ట నేసే సాంచెల కాడ కండెలు పట్టి సంపాయించుకున్న రెండు రూపాయలు తెచ్చే పోరగాళ్లుండె. వాళ్ల కండ్లు టీవీ మీద, చెవులు నా కుర్చీ మీద. నేను జర కదిలితే చాలు, "మామా, ఇంకెంత సేపున్నది?" అనెటోళ్లు, మొఖం తిప్పకుంటనే. మారియో ఆడెటోడు మాత్రం అంత అడిగెటోడు కాదు. ఇది నేను కండ్లార చూసింది.

ఇగ ఈ ఆటల ఒక చక్రాల పలక ఉంటది, దాని ముచ్చట ఇనుండ్రి. దారిల గుడ్లుంటయి. గొడ్డలితోని కొడితే పగిలి ఒక్కో దాంట్ల ఒక్కోటి వస్తది. పాలసీసా వస్తే కడుపు నిండుతది. నిప్పుముద్ద దొరికితే రాళ్లను సుత పగలగొట్టొచ్చు. స్కేట్‌బోర్డు వస్తే, దాని మీదెక్కి సర్రున పోతడు. పైనున్నప్పుడు ఏదన్న తాకితే పలక పోతది, పానం మిగులుతది. ఎంత మంచిగున్నదో అనిపిస్తది గదా? కాని ఆ పలక ఆగదు. వెనుకకు బటన్ ఒత్తితే జర మెల్లగైతది, అంతే. అంచు ముందట ఆగి, అవతలి గడ్డ కదిలి దగ్గరికొచ్చేదాక చూద్దామంటే కుదరదు. కొత్తోళ్లంత పలక కనిపిస్తే కేకలేసేటోళ్లు. నాలుగు దినాలాడినోళ్లు మాత్రం గుడ్డును దూరం నుంచి చూసి, "ఇండ్ల పలకున్నది, పలగ్గొట్టకు" అని పక్కోనికి చెప్పెటోళ్లు. నన్నడిగితే ఆ ఆట చేసినోని తెలివంత ఆ పలకల ఉన్నది. బహుమానం అని చేతుల పెట్టి, ఆగే హక్కు గుంజుకుంటడు.

అన్ని గుడ్లల్ల మంచియే రావు. కొన్నిట్ల వంకాయ వస్తది. అది నెత్తిమీద తిరుక్కుంట కడుపుల గీతలన్ని గబగబ పీల్చేస్తది. మా దుకాణంల దీని మీద పెద్ద పంచాయతీ అయ్యేది. అన్ని పండ్లు మంచి చేస్తుంటే వంకాయ ఏం పాపం చేసింది? మసాల పెట్టి వండితే గిన్నె నాకుతరు గదా మనోళ్లు! జపనోళ్లకు వండుడు రాక గట్ల తిట్టుకుంటుండ్రని ఒకడు తేల్చిండు. వాళ్లు సుత వంకాయ మస్తు తింటరని నాకు చాలా ఏండ్లకు ఎరుకైంది.

ఎనిమిది మెట్లు, మెట్టుకు నాలుగు రౌండ్లు, మొత్తం 32. ప్రతి నాలుగో రౌండు ఆఖర్ల ఒక రాక్షసుడుంటడు, నిప్పులిసురుతడు. గొడ్డలితోని కొట్టంగ కొట్టంగ తలకాయ ఊడిపడ్తది. హమ్మయ్య అనుకునేటాలకు కొత్త తలకాయ మొలిపించుకొని పారిపోతడు. రావణుడు పది తలలు ఒక్కసారే పెట్టుకొని వచ్చిండు. వీడు ఎనిమిదింటిని దాచుకొని మెట్టుకొకటి తీస్తడు. ఎనిమిదోది ఊడితేనే ఖేల్ ఖతం.

నడుమల ఆట ఆపి దాచుకునే ఏర్పాటే లేదు. మూడు పానాలు పోయినయా, మళ్ల మొదటి అడవి. పైగ కరెంటు. సిరిసిల్లల కరెంటు పోతే ఊరంత చప్పుడు ఒక్కసారి బందైతది, సాంచెలన్ని ఆగుతయి. పనోళ్లకు తీరిక దొరికేదే అప్పుడు. తీరిక దొరికి నా దుకాణానికి వచ్చేసరికి నా టీవీ సుత చీకటి. వాళ్లు, నేను, గడప మీద కూసొని ముచ్చట్లు పెట్టుడే. కరెంటు రాంగనే వాళ్లు సాంచె కాడికి ఉరుకాలె. నా యాపారానికి, వాళ్ల తీరికకు ఎన్నడు లగ్గం కుదరలే.

మళ్ల మొదటి అడవికి పోకుండ తప్పించుకునే మతలబు ఒకటుండె, తేనెటీగది. అది ఎట్ల తెలిసిందో చెప్తే నవ్వుతరు. మొట్టమొదటి రౌండు ఆఖరుకు, గెలుపు బోర్డు చేరకముందు, కనిపించకుండ ఒక గుడ్డు దాగుంటది. అక్కడ సరైన జాగల దుంకి గొడ్డలేస్తే బయటపడ్తది. దాంట్ల తేనెటీగ. దాన్ని పట్టుకున్నోడు పానాలన్ని పోయినంక కుడి బటన్ ఒత్తిపట్టి స్టార్ట్ కొడితే, సచ్చిన మెట్టు నుంచే మళ్ల మొదలువెట్టొచ్చు. కరీంనగర్‌ల మేనమామ ఇంటికి పోయొచ్చిన ఒక పోరడు దీన్ని నేర్చుకొచ్చిండు. ఊకెనే చెప్పలే వాడు, గోలీసోడా తాగించినోనికే చెప్పిండు. నెల లోపట వీధంత తెలిసింది. ఆ దినం సంది నా గల్ల నిండుడు మొదలైంది. అంతకుముందు ఐదో మెట్టుల సచ్చినోడు లేచి ఇంటికి పోయేది. ఇప్పుడు "మామా, ఇంకో అరగంట" అంటడు.

మొత్తం గట్టెక్కినోన్ని నేను చూసింది ఒక్కన్నే. రాత్రి పాళి సాంచె నడిపి, తెల్లారి దుకాణం తెరువంగనే వచ్చెటోడు. నెత్తిల నూలు దుమ్ముండేది. వేరే పోరగాళ్లు బడికి పోయే టైం, చూసెటోడు ఎవడు లేడు. నేను ఊడ్చుకుంట, మధ్యమధ్యల చూసుకుంట ఉన్న. ఎనిమిదో తలకాయ ఊడింది. నేనే చీపురు పడేసి చప్పట్లు కొట్టిన. వాడు కొట్టలే. గోడ గడియారం చూసిండు, ఇంకా కొన్ని నిమిషాలున్నయి. "మామా, సర్కస్ ఆట పెట్టు" అన్నడు. పైసలు కట్టినంక నిమిషాలు ఇడిచిపెడ్తడా వాడు!

ఇగ ఇది అసలు ఎవరి ఆట అన్నది నాకు ఎన్నో ఏండ్లకు, దుకాణం ఎత్తేసినంక మీ నాయిన చదివి చెప్తే తెలిసింది. ఆ టోపీవాడు కల్పితం కాదు బిడ్డా. నిజం మనిషి. తకహాషి తోషియుకి అని, ఆట అమ్మిన హడ్సన్ కంపెనీల నౌకరి చేసెటోడు. 1985 ఎండాకాలం వాళ్లు ఊరూరా పోటీలు పెట్టిండ్రు, దానికి క్యారవాన్ అని పేరు. అండ్ల ఈయన వేదిక మీదెక్కి తుపాకి బటన్‌ను సెకండుకు 16 సార్లు కొట్టి చూపెట్టెటోడు. ఉస్తాద్ అనుకుంట జపాన్ పోరగాళ్లు నెత్తిన పెట్టుకున్నరు. 1986ల ఆయన మీద సినిమా సుత వచ్చింది. మన సినిమా హీరోల తీరు అనుకోండ్రి, కాని చేసింది బటన్ ఒత్తుడే.

అయితే ఆ ఆట మొదలు ఆయన కోసం చేసింది కాదు. ఎస్కేప్ అనే చిన్న కంపెనీల నిషిజావా ర్యూయిచి అనే ఆయన వండర్ బాయ్ అని ఒక ఆట చేసిండు. 1986ల సెగా కంపెనీ దాన్ని ఆట మిషన్లల్ల పెట్టింది. ఒప్పందం ఎట్లున్నదంటే, వండర్ బాయ్ అన్న పేరు, ఆ పోరని బొమ్మ సెగావి; లోపలి ఆట మాత్రం చేసినోళ్లదే. ఇగ హడ్సన్ వచ్చి, ఆట మాకియ్యుండ్రి, మొఖం మేం పెట్టుకుంటం అన్నది. పెట్టెతందుకు మొఖం కావాలె. తమ కాడ అందరికి తెలిసిన మొఖం ఒకటే, ఉస్తాద్ తకహాషిది. ఆయనకు ఆకుల లుంగీ కట్టిండ్రు, టోపీ పెట్టిండ్రు, 1986 సెప్టెంబర్ 12న అమ్మకానికి తెచ్చిండ్రు. జీతానికి పనిచేసే మనిషి అడవిల గొడ్డలి పట్టుకొని ఉరుకుడు అంటే ఇదే. సముద్రం దాటి అమెరికా పోయేసరికి ఆయనే మాస్టర్ హిగ్గిన్స్ అయ్యిండు. అక్కడోళ్లకు ఆయనెవరో ఎరుక లేదు గదా. సిరిసిల్లకొచ్చేసరికి ఏ పేరు లేకుండ పోయింది.

ఆ హడ్సన్ కథ సుత ఇనుండ్రి. 1973ల సప్పోరోల, అంటే జపాన్ ఉత్తరం కొసకు, మస్తు చలి ఊరు, కుదో అన్నదమ్ములు పెట్టిన దుకాణం అది. హ్యామ్ రేడియో సామాన్లు అమ్మేది. వాళ్లకు రైలింజన్ల పిచ్చి. హడ్సన్ అని పిలిచే ఆవిరింజన్ల మీద ప్రేమతోని కంపెనీకి ఆ పేరు పెట్టుకున్నరు. నింటెండో పెట్టెకు బయటి నుంచి ఆటలు చేసిచ్చిన మొదటి కంపెనీ వాళ్లే. 1984ల నట్స్ అండ్ మిల్క్, లోడ్ రన్నర్ తెచ్చిండ్రు. ఆ రెండు సుత నా క్యాసెట్ల ఉండె. తర్వాత బాంబర్‌మ్యాన్, అదీ ఉండె. ఇంకోటి చెప్పనా? ఆ కంపెనీ గుర్తే తేనెటీగ. గుడ్డుల దాచిపెట్టింది వాళ్ల సంతకమే. గోలీసోడాకు అమ్ముడుపోయిన మతలబు ఒక దుకాణం ముద్ర అని ఎవనికి తెలుసు అప్పుడు? ఆ పోరగాళ్లిచ్చిన పైసల్ల ఒక్క పైస సుత సప్పోరో చేరలే.

ఆ ఆట సైజు ఎంతో ఎరుకనా? 64 కిలోబైట్లు. సగం ఆట నడిపే లెక్క, సగం బొమ్మలు. పొద్దుగాల మీ అత్త పంపే గుడ్ మార్నింగ్ పూల బొమ్మ దానికంటె పెద్దగుంటది. అంత చిన్నగున్నది కాబట్టే ఒక క్యాసెట్ల ఇన్నింటిని కుక్కిండ్రు, మన దాక వచ్చింది. దాని లోపం సుత ఆ చిన్నతనమే. అడవి, సముద్రం ఒడ్డు, గుహ, మళ్ల అడవి. నాలుగు మెట్లు దాటినంక కొత్తగ చూసేది పెద్దగ ఉండదు, కష్టం మాత్రం పెరుగుతది. పాటలు సుత అవే తిరిగి తిరిగి వస్తయి. మారియో అంతటి ఆట అని నేననను. మారియోల దాగిన జాగలున్నయి, మేఘాల మీద తోవలున్నయి, ఆడినకొద్ది ఊరంత పెద్దగైతది. ఇది ఒక్కటే తోవ. కాని ఆ ఒక్క తోవల ఉన్న ఉరుకులాట మారియోల లేదు. దీన్ని ఎవడన్న తక్కువ చేసి మాట్లాడితే నేను ఊకోను.

మరి ఎందుకు మరుగున పడ్డదంటే, ఒక కారణం దాని తమ్ముళ్లే. 1991ల రెండోది వచ్చింది. అండ్ల డైనోసార్ల మీదెక్కి తిరుగొచ్చు, దొరికినవి దాచుకోవచ్చు. మంచి ఆట, మొదటిదానంత కఠినం కాదు. మూడోది వచ్చింది. నాలుగోది 1994 జూన్ 24న వచ్చింది, ఆ జపాన్ పెట్టెకు అధికారికంగ వచ్చిన ఆఖరి ఆట అదే. అంటే పెట్టె దీపం ఆరేదాక ఆయన ఉరుకుతనే ఉన్నడు. అప్పటికి కొత్త పెట్టెలొచ్చినయి, లోకం కండ్లు వాటి మీదున్నయి. ఇంకో కారణం, పెద్ద దిక్కు లేకపోవుడు. మారియోకు నింటెండో ఇప్పటికీ ఉన్నది, ఏటా కొత్త బట్టలు కుట్టిస్తది. హడ్సన్ 2012ల కోనామిల కలిసిపోయింది. ఆట చేసిన ఎస్కేప్ తర్వాత వెస్ట్‌వన్ అని పేరు మార్చుకున్నది, 2014ల దివాళా తీసింది. మొఖం ఒకరిది, ఆట ఒకరిది, పేరు ఒకరిది. ఇంత పంపకాలైన ఇంట్ల పండుగ ఎవరు చేస్తరు?

చిన్నోడా, నువ్వాడే తీరు ఇందాక చూసిన. రెండడుగులేస్తవు, ఆపి సేవ్ చేస్తవు. సచ్చినవా, సేవ్ చేసిన కాడికి పోతవు. తప్పని నేననను, నీ ఫోన్, నీ ఇష్టం. కాని గట్లాడితే ఈ ఆటల రుచి ఉండదు. పలక మీదెక్కి ఆగుతున్నవు గదరా నువ్వు! మెట్టుకొకసారి సేవ్ చేసుకో, కావాలంటే. తేనెటీగ ఇచ్చేది అంతే. నేను ఒక రౌండాడి చూసిన పొద్దున. అద్దం మీద వేలు జారుతున్నది, బటన్ చేతికి తాకుతలేదు. మొదటి గుడ్డు కాడనే రాయి తట్టుకున్న. మీ అవ్వ నవ్వింది.

నా దుకాణం తర్వాత ఏమైందో మీకెరుకే. కేబుల్ టీవీల చానళ్లు పెరిగినయి, తర్వాత కంప్యూటర్ కేఫ్‌లు వచ్చినయి, పోరగాళ్లు అటు పోయిండ్రు. పెట్టె మీ పెద్దనాయిన ఇంటి అటకెక్కింది.

తకహాషి గురించి ఇంకోటి యాదికొచ్చింది. ఆయన పోరగాళ్లకు ఎక్కడ పోయినా ఒక బుద్ధి మాట చెప్పెటోడట, ఆటలు రోజుకు ఒక్క గంటే ఆడుండ్రి అని. ఆటలమ్మే కంపెనీ జీతగాడు అనాల్సిన మాటనా అది? సిరిసిల్లల ఆ మాట ఒక్క తల్లి చెవుల పడ్డా, ఆయన ఫోటో తెచ్చి నా దుకాణం తలుపుకే అంటించేది.